సింకు పక్క బల్ల

కొత్త ప్రొఫెసరు గారి కోసం మా వృక్షశాస్త్ర ప్రయోగశాలలో పదహారు బల్లలూ ఖాళీ చేయించాను. తీరా చూస్తే ఆయన బియ్యం డబ్బా అంత ఉన్నారు. ఇప్పుడు ప్రతి విశ్వవిద్యాలయంలోనూ యంత్రాలే ఆచార్యులు. మాకే కాస్త ఆలస్యంగా వచ్చారు. అటెండరు యేసోబు ఆయన్ని కిటికీ దగ్గర పెట్టి వైరు తగిలించాడు.

"మిగతా బల్లలు ఎవరివండీ?" అని అడిగారాయన.

"ఎవరివీ కావు. అన్నీ మీకే."

"నాకీ మూల చాలండీ. పాత ఫైళ్లన్నీ చదివాను. ఉప్పునేలలో పండే వరి మీద నాకు అప్పగించిన పని, పద్నాలుగేళ్ల కిందటే భ్రమరాంబ గారనే కాంట్రాక్టు లెక్చరరు సగం చేశారు. మిగతా సగానికి సింకు పక్కన ఒక్క బల్ల ఇమ్మని ఆరుసార్లు రాశారు. ఆరింటి మీదా 'స్థలం లేదు' అని ఉంది. ఆ సంతకం మీదే కదండీ?"

నాదే. అప్పట్లో ఆ బల్ల మీద విరిగిన మైక్రోస్కోపులు పెట్టించాను.

"ఆవిణ్ణి పిలిపించండి. ఇద్దరం కలిసి చేస్తాం."

"ఇప్పుడు ఎక్కడుందో ఏమో," అన్నాను.

యేసోబు నావైపు వింతగా చూశాడు.

"అదేంటి సార్, మన వెనక గేటు కాడ కర్రీ పాయింటు ఆవిడదే కదా! రోజూ మీకు నేను పప్పుచారు తెచ్చేది అక్కణ్ణుంచే. మీకు కడుపులో మంటని, మీ వరకు కారం తగ్గించి కడతారు."