స్తంభానికి పథ్యం

"నాకు షుగరైతే స్తంభానికీ కొర్రలేనా?" రాఘవయ్య పొద్దుటి నుంచీ అదే పాట.

"పోసింది తాగుతుంది. మీలా సణగదు," అంది భార్య అనసూయమ్మ, కొర్రల గంజి చల్లారుస్తూ.

సిమెంటు కరువయ్యాక ఈ వీధి మీది వంతెనను మొదటిసారిగా ప్రాణమున్న కాంక్రీటుతో కట్టారు. రోజూ గంజి పోస్తే దాని స్తంభాలు పగుళ్లను అవే పూడ్చుకుంటాయి. ఏ ఇంటి ముందు స్తంభానికి ఆ ఇంటివాళ్లే పోయాలి. వీధిలో మిగతావన్నీ నున్నగా ఉన్నాయి. ఇల్లంతా కొర్రలకు మారాక వీళ్ల స్తంభం మాత్రం బీటలు వారింది.

కోడలు నీలవేణి ఆ వంతెన ప్రాజెక్టు మేనేజరు. వచ్చే వారం తనిఖీకి పగులు మూసుకోకపోతే వంతెన కూల్చేస్తారు. ఇలాంటిది ఇంకెక్కడా కట్టనివ్వరు.

ఎందుకైనా మంచిదని ఆమె పక్కింట్లో చెంబుడు బియ్యం గంజి అడిగి తెచ్చి పోసింది. సాయంత్రానికి పగులు ఒక కొస అతుక్కుంది. అత్తాకోడళ్లు వేలితో తడిమి చూశారు.

"మనమూ అన్నం వారుద్దామా అత్తయ్యా?"

"ఆయన ముందు కూర్చుని తెల్లన్నం ఎలా తింటామే?"

"నేనూ తింటాగా," లోపలి నుంచి రాఘవయ్య ఆశగా అన్నాడు.

రాత్రి వడ్డిస్తూ అనసూయమ్మ నెమ్మదిగా, అందరూ వినేలా కోడలికి చెప్పింది. "రేపట్నుంచి మధ్యాహ్నం తెల్లన్నమే వారుస్తాను. మీ మావయ్యకు ఒక్క గరిటె. తిన్నాక వంతెన ఆ చివరిదాకా నడిచి రావాలి. తోడు నేనూ వెళ్తాను."