అరువు ముక్కు

"ఒక్క పూటకి నీ ముక్కు అరువియ్యవే గ్లెండా," అంది వెర్నా.

పీతల ఫ్యాక్టరీలో బట్టలు మార్చుకునే గదిలో ఉన్నారు వదినా ఆడపడుచూ. న్యూఫౌండ్‌లాండ్ తీరంలో ఆ ఊరికి తిండి పెట్టేది ఆ ఒక్క ఫ్యాక్టరీయే. పీతలు ఉడికే ఆవిరి ఎవరెవరికి పడటం లేదో తేల్చడానికి పట్నం నుంచి డాక్టరమ్మ దిగింది. తుమ్మేవాళ్లను పిలిచి, ముక్కులో పీత రసం చుక్క వేస్తుంది. కాసేపాగి పుల్లతో లోపలి పొర గీకి, పట్టుకెళ్లి కణాలు చూస్తుంది. తేడా కనిపించిందా, ఇక ఇంటికే. ఉడికించే దగ్గర తుమ్ములతో వేగుతున్న వెర్నాకి ఇవాళ పిలుపొచ్చింది.

"ఇంకో పది రోజులు పని చేస్తేగానీ, ఫ్యాక్టరీ మూసేసే చలికాలంలో సర్కారిచ్చే భత్యం నాకు రాదు. అది రాకపోతే మా పొయ్యిలో పిల్లి లేవదు. నువ్వైతే జలుబు కూడా ఎరగవు కదే."

"దొరికితే ఇద్దరం వీధిలో పడతాం వదినా."

"ఆవిడకి మన మొహాలేం తెలుసు? తెల్లకోటు, తలకి వల. ఈ వేషంలో మీ అన్నే నన్ను గుర్తుపట్టడు."

"వాడు ఇంట్లో మాత్రం గుర్తుపడతాడా," అంటూ గ్లెండా వదిన బ్యాడ్జీ తగిలించుకుని వెళ్లింది.

నాలుగో రోజు పొద్దున్నే మేస్త్రీ హెడ్లీ వెర్నాను పీతలు ఉడికించే దగ్గర నుంచి తప్పించి బయట రేవు కడగమన్నాడు, మధ్యాహ్నం ఆఫీసుకి పిలిచాడు. చేతిలో డాక్టరమ్మ ఉత్తరం ఉంది.

"నీ ముక్కులో కాపలా కణాలు పీతని శత్రువనుకుంటున్నాయట. చుక్క పడగానే గుంపులుగా ఎగబడ్డాయట. ఇంత ఘోరం ఎక్కడా చూళ్లేదని రాసింది. ఇంకొక్క పూట ఆ ఆవిరి పీలిస్తే ఊపిరాడక పోతావట. రేపట్నుంచి రాకు."

ఆ ముక్కు గ్లెండాది. చెబితే దాని ఉద్యోగమూ పోతుంది. అయినా దానిది వెనక గదిలో పెట్టెలు సర్దే పని, ఆవిరి అటు సోకదు. సాయంత్రం ఇంట్లో నెమ్మదిగా చెప్పొచ్చులే అనుకుని వెర్నా లేచింది. సిగ్గులేని మనసు, ఎంత తొందరగా సర్దుకుందో.

గుమ్మం దాకా వెళ్లి, ఊరికే అడిగింది. "పీతలు ఉడికించే దగ్గర నా బదులు ఎవరు?"

"ఇంకెవరు, నీ ఆడపడుచే. వదిన చోటు ఇంకొకళ్లకి పోనివ్వనని పొద్దుటి నుంచీ అక్కడే నిలబడింది. ఇందాకట్నుంచి తెగ దగ్గుతోంది, సిగరెట్లు తగ్గించమని చెప్పు."