ఆగేది పండరిలోనే

"బోధన్‌ల ఒక దినం ఆగాలె," అన్నాడు హనుమాన్లు.

"ఎందుకు?" అన్నాడు వెంకటరాజం.

"అప్పటికే అరికాళ్ళల్ల బొబ్బలు లేస్తయి రాజం. మూడుసార్లు నడిచొచ్చినోన్ని, నా మాట ఇను."

వెంకటరాజం కళ్ళు మూసుకుని బాలీసుకు ఇంకాస్త ఆనుకున్నాడు. ఆర్మూర్ గంజి మార్కెట్లో రైతుల పసుపు అమ్మిపెట్టే పెద్ద అడ్తి దుకాణం ఆయనది. చలికాలంలో టైఫాయిడ్ వచ్చి నెలన్నర మంచం పట్టాడు. అప్పుడు భార్య విద్యావతి పండరి విఠోబాకు మొక్కుకుంది. ఈ జ్వరం దిగితే ఆర్మూర్ నుంచి పండరి దాకా కాలినడకన మొక్కు చెల్లిస్తామంది. జ్వరం దిగింది. తొలి ఏకాదశి దగ్గర పడింది. నూట ముప్పై కోసుల దారి.

దారిలో ఏయే ఊళ్ళలో ఒక్కో రోజు అలుపు తీర్చుకోవాలో తేల్చడానికి ఆ పొద్దున దుకాణంలో కూర్చున్నారు. పక్క దుకాణం హనుమాన్లు ఐదు ఊళ్ళ పేర్లు కాగితం మీద రాసి తెచ్చాడు. విద్యావతి భర్త కాళ్ళకు ఆముదం రాస్తోంది. బస్తాలు మోసే సాయిలు గడప అవతల నిలబడ్డాడు. నడకలో మూట మోసేది కూడా అతనే.

"బోధన్ అంటే చక్కెర ఫ్యాక్టరీ ఊరు," అన్నాడు వెంకటరాజం కళ్ళు తెరిచి. "ఆడ ఆగితే మనసు దేవుని మీదికెల్లి తీపి మీదికి పోతది. వద్దు."

ఎర్ర పెన్సిలుతో బోధన్ కొట్టేశాడు.

"మరి దెగ్లూర్?"

సాయిలు గొంతు సవరించుకున్నాడు. "దెగ్లూర్‌ల మా అక్క ఉంటది సేటూ. నీలవ్వ. చూడక ఆరేండ్లాయె. ఒక్క పూట ఆగినా..."

"తీర్థానికి పోతూ చుట్టరికాలేందిరా? ముందుగాల విఠోబా, ఎనుకనే అక్కలు, చెల్లెండ్లు."

దెగ్లూర్ పోయింది. ఆ మాట తన నోటి నుంచే వచ్చినందుకు వెంకటరాజానికి ఒళ్ళు జలదరించింది. జబ్బు మనిషిని ఎంత మారుస్తుందో అనుకున్నాడు. లోకబంధాలు ఇంత తేలిగ్గా తెగిపోతాయని ఆయనకు ఇంతకు ముందు తెలియదు.

"ఉద్గీర్ కొట్టెయ్యకు," అన్నాడు హనుమాన్లు. "అంతా గుట్టల తొవ్వ. ఎక్కి దిగేసరికి పానం పోతది."

"అవ్ సేటూ," అన్నాడు సాయిలు. "మొన్న బస్తా జారి పడ్డకాన్నుంచి మోకాలు జర ఉబ్బుతున్నది."

"బస్తా ఎత్తంగ లేని నొప్పి దేవుని పేరు చెప్పంగనే లేస్తదారా?"

సాయిలు తల దించుకున్నాడు. ఉద్గీర్ మీద పెన్సిలు రెండుసార్లు తిరిగింది.

విద్యావతి చేతులు ఆగాయి. "నడుస్తమని మొక్కిన గానీ, ఉరుకుతమని మొక్కలే," అంది. "లాతూర్ పెద్ద ఊరు. దవాఖాన ఉంటది. ఆడనన్న ఆగుడు మంచిది. అవతల వానలు గూడ మొదలైతయి."

"విద్యావతీ, దేవుడు నాకు పానం ఇచ్చిండు. రెండు దినాలు వానల తడిస్తే ఏం పోతది? కష్టం లేకుంట పుణ్యం ఎట్లొస్తది?"

అలా అంటుంటే ఆయన గొంతు నిజంగానే బొంగురుపోయింది. ఉత్తరీయంతో కళ్ళొత్తుకుని లాతూర్ కొట్టేశాడు. బార్శి గురించి ఎవరూ నోరెత్తలేదు. దాన్ని ఆయనే తనంత తాను కొట్టేశాడు.

"చెప్పులు గూడ వద్దు," అన్నాడు ఆఖరున. "ఆగేది పండరిలనే. ఆడ ఎట్లాగూ ఇంక నడిచే తొవ్వ ఉండదు."

"ముందుగాల బయలెల్లితే మెల్లగ పోవచ్చు సేటూ," అన్నాడు సాయిలు చిన్నగా. "గీ శుక్రవారమే..."

"శుక్రవారం లారీ వస్తది. బస్తాలు ఎవరెత్తుతరు? సోమవారం బయలెల్లాలె. జల్ది పోతే జల్ది వాపసు రావచ్చు. దుకాణంల పని ఆగొద్దు గద."

సాయంత్రానికి కబురు గంజి అంతా పాకింది. అడ్తి దుకాణాల్లో, చాయ్ హోటల్లో అదే ముచ్చట. ఒక్క రోజు కూడా ఆగకుండా, కాళ్ళకు చెప్పులు లేకుండా పండరికి నడక! రాజం సేటుది మొక్కంటే మొక్కని మెచ్చుకున్నారు. ఇద్దరు ముసలి వ్యాపారులు వచ్చి ఆయన కాళ్ళు ముట్టి కళ్ళకద్దుకున్నారు. వెంకటరాజం వద్దు వద్దంటూనే కాళ్ళు ముందుకు చాపాడు.

సోమవారం పొద్దున భజన బృందం తాళాలతో వచ్చింది. వెంకటరాజం తలస్నానం చేసి, పట్టు ధోవతి కట్టి, నుదుట విఠోబా భక్తులు పెట్టే నల్లని బుక్కా బొట్టు పెట్టుకున్నాడు. నిజామాబాద్ నుంచి పిలిపించిన ఫోటోగ్రాఫర్ ఆయన చేతికి కాషాయ జెండా ఇచ్చి, ఒక కాలు ముందుకు వేసి నిలబడమన్నాడు. ముత్తైదువలు హారతులిచ్చారు. మెడలో పడ్డ దండలు గడ్డం దాకా వచ్చాయి. సాయిలు భార్య గంగామణి పక్క ఊరు పెర్కిట్ నుంచి జొన్నరొట్టెల మూట తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. విద్యావతి కళ్ళు తుడుచుకుంది.

భజన గట్టిగా సాగుతుండగా ఊరేగింపు నిజామాబాద్ సడక్ మీద ఊరి పొలిమేర దాకా నడిచింది. వెంకటరాజం వెనక్కి తిరిగి అందరికీ చేతులు జోడించాడు. హనుమాన్లు మాత్రం ఆయన కళ్ళలోకి చూడలేదు.

"నా బదులు నడిచేటోనివి, తొవ్వల ఎక్కడన్న కూసున్నవంటే నా మొక్కు చెడుతది," అని చెప్పి, జెండా సాయిలు చేతికిచ్చి, వెంకటరాజం టాంగా ఎక్కి దుకాణానికి వాపసు వచ్చాడు.