ఆవిరి ఓడల మీద అభిప్రాయం

"డ్రాగన్ల కథలంటే మీకెందుకండీ అంత మంట?" అడిగింది ఎదురుగా కూర్చున్న అమ్మాయి.

రేడియో వ్యాఖ్యాత గొంతు సవరించుకున్నాడు. ఆపకుండా మాట్లాడాలి, అదొక్కటే షరతు. మాట తడబడిందా, ఇక మైకు ముందు కూర్చునే యోగం లేనట్టే. అతడికి అన్నం పెట్టింది మాటే, పెళ్లి కుదిర్చింది మాటే. అదే పోతే ఇంకేం మిగులుతుందన్న భయం పొద్దుటి నుంచి పీడిస్తూనే ఉంది.

"మంట కాదమ్మా, విసుగు. కొండంత జంతువు, నోట్లోంచి నిప్పులు. తీరా చూస్తే మీసాలు కూడా రాని కుర్రాడు ఒక్క పోటు పొడిస్తే చస్తుంది. ఆ మాత్రం దానికి అంత హడావుడి దేనికి?"

ఆమె నవ్వింది. అతడి వెనక నిలబడ్డ పెద్దాయన నవ్వలేదు. అంతా ఆయన చేతుల్లోనే ఉంది. ఒక్కసారి ఆయన ముఖం చూడాలని వ్యాఖ్యాతకు ప్రాణం కొట్టుకుంటోంది. తల తిప్పకూడదని ముందే గట్టిగా చెప్పారు. పైన లైట్లు, గదంతా చలి.

"మరి రక్తం తాగే దెయ్యాలో?"

"ఒకప్పుడు భయపెట్టేవి. ఇప్పుడు శుభ్రంగా తల దువ్వుకుని ప్రేమలేఖలు రాస్తున్నాయి. సిగ్గు లేకపోతే సరి!"

"మీ ఆవిడకేవి ఇష్టం?"

"స్టీమ్‌పంక్. అంటే పాతకాలపు యంత్రాల కథలు. ఇత్తడి చక్రాలు, ఆకాశంలో ఓడలు, అందరికీ పొడుగు టోపీలు. కరెంటు ఊసే ఉండదు. దానిమీద మా ఇంట్లో రోజూ కురుక్షేత్రమే."

"ఆ ఓడలు దేంతో నడుస్తాయి?"

"దేంతోనా? అదేనమ్మా... నీళ్లు మరిగితే వస్తుందే... తెల్లగా... అది..."

మాట రాలేదు. నాలుక చివరే ఉంది, బయటికి రావడం లేదు. పసిపిల్లలకు కూడా తెలిసిన మాట!

అమ్మాయి ముఖంలో నవ్వు మాయమైంది. పెద్దాయన వైపు చూసి చెయ్యెత్తింది. "సార్, ఆగండి."

"సరే, అటు వద్దు. ఇంకోవైపు నుంచి వద్దాం," అన్నాడు పెద్దాయన.

అమ్మాయి మళ్లీ అడిగింది, ఈసారి మెల్లగా. "దేంతో నడుస్తాయండీ?"

"ఆ... ఆవిరి!" వ్యాఖ్యాత కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆవిరమ్మా, ఆవిరి! అంత బరువు ఆవిరితో ఎలా ఎగురుతుందే అని నెత్తీ నోరూ కొట్టుకున్నా మా ఆవిడ వినదు!"

పెద్దాయన గట్టిగా ఊపిరి వదిలి, తెరిచి ఉన్న అతడి పుర్రెలోంచి, మెదడులోని గడ్డ చివరి ముక్కను బయటికి తీశాడు.