నూటికి నూరు వచ్చిన బడి

పెళ్ళయిన పందొమ్మిదో రోజున నాకు ఉద్యోగం వచ్చింది. అది 1987 జూన్. ఊళ్ళ బడుల్లో పిల్లలు కడుపు నిండా తింటున్నారా, కంటి నిండా నిద్రపోతున్నారా, దేనికైనా బెదురుతున్నారా అని అడిగి మార్కులు వేయాలి. యాభైకి తక్కువ వచ్చిన బడికి ఇంకో టీచరును ఇస్తారు.

నాది బీఎడ్ ఫస్టు క్లాసు. కొత్త మట్టెలు, కొత్త చేతిసంచీ, కొత్త మొగుడు. ఇంకేం కావాలి?

మొదటి బడి రాయికల్ అవతల. మా ఆయనే స్వయంగా దింపారు. దారంతా ఆయన మీసం చూస్తూ కూర్చున్నానేమో, ఊరు వచ్చిందే తెలియలేదు.

ఎంత చక్కటి ఊరో! గోడల మీద ఎర్ర అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. చేతిరాత బాగున్న ఊరు. వీధిలో ఒక్కరూ లేరు. అంతా పొలాల్లో ఉన్నట్టున్నారు, ఎంత కష్టజీవులో! ఎదురైన ఒకే ఒక్క ముసలాయన తలపాగా తీసి మా ఆయనకు దండం పెట్టాడు. ఎంత మర్యాద! పొంగిపోయాను.

అయిదు తరగతులకూ ఒక్కడే పంతులు, సత్తయ్య సారు. మా ఆయనకు గుమ్మంలో కుర్చీ వేశాడు. నేను పిల్లల ముందు కూర్చున్నాను.

"రాత్రి మంచిగ నిద్రపడతదా బిడ్డా?"

"పడతది మేడం." రాధ అనే అమ్మాయి చేతులు కట్టుకుని లేచింది.

"దేనికన్న భయమైతదా?"

"భయం కాదు మేడం."

ముప్పై ఎనిమిది మందిదీ అదే మాట. ఒక్కడు కదిలితే ఒట్టు. ఇంత క్రమశిక్షణ నా బీఎడ్ పుస్తకాల్లో కూడా లేదు.

"మీరేమంటరు సార్?"

"అంత మంచిగనే ఉన్నది మేడం," అన్నాడు సత్తయ్య సారు నేల చూస్తూ.

నూటికి నూరు వేశాను. ఆ అంకె చూసి సారు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషం కాబోలు.

ఫారం చివర ఒక గడి ఉంది: 'పిల్లలతో మాట్లాడినప్పుడు అక్కడ ఉన్న ఇతరులు.' సిగ్గుపడుతూ 'మావారు' అని రాశాను.

జగిత్యాల ఆఫీసులో మా పై అధికారి మనోరమ మేడం ఫారం చూసి ముఖం చిట్లించింది. "ఇంకో టీచర్ కావాల్నని మూడేండ్ల సంది మొత్తుకుంటున్న బడికి నూటికి నూరా? మల్ల పోయి అడిగి రా పో."

నా బీఎడ్ అంటే గిట్టదు కాబోలని అలిగాను.

అంతలో ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు అత్తగారింట్లో ఉండకూడదు కదా, కోరుట్లలో మా అమ్మ దగ్గర చేరాను. ఆయన లేకుండా, ముఖం వేలాడేసుకుని, ఒక్కదాన్నే బస్సెక్కాను.

ఈసారి వీధి నిండా జనం. అరుగు మీద బీడీలు చుడుతున్న లింగవ్వ, "ఒక్కదానివే అచ్చినవా బిడ్డా?" అని రెండుసార్లు అడిగింది. నా విరహం ఆమెకూ తెలిసిపోయిందే అని సిగ్గేసింది.

బడిలో అవే ప్రశ్నలు అడిగాను. రాధ గుమ్మం వైపు చూసింది. తర్వాత దగ్గరికి వచ్చి నా గాజులు పట్టుకుంది.

"రాత్రి అడివిలకెళ్ళి తుపాకులతోని అన్నలచ్చి అన్నం పెట్టుమంటరు మేడం. తెల్లారి పోలీసోళ్ళచ్చి ఎందుకు పెట్టినవని మా బాపును తీస్కపోతరు. నాకు నిద్రవట్టది."

"నాకైతే పక్కల ఉచ్చ పడతది," అన్నాడు వెనక నుంచి ఒకడు. ఎవరూ నవ్వలేదు.

ఇక ఒకరి మీద ఒకరు చెప్పారు. సత్తయ్య సారు గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

"అయిదు తరగతులకు పాఠం చెప్పుదునా మేడం, గీళ్ళను ఊకుంచుదునా?"

మార్కులు పద్దెనిమిదికి దిగాయి. నా చిరునవ్వు చూసే పిల్లలు మనసు విప్పారని మురిసిపోతూ, పాత ఫారం పక్కన పెట్టుకుని కొత్తది నింపాను. చివరి గడి దగ్గర కలం ఆగిపోయింది.

కొత్త ఫారంలో 'ఎవరూ లేరు' అని రాసి, పాత ఫారంలో 'మావారు' అన్న మాట కొట్టేసి, పక్కన వివరంగా రాశాను: 'సబ్ ఇన్‌స్పెక్టరు, యూనిఫారంలో, నడుముకు పిస్తోలుతో.'