కూర్చోవయ్యా, కూర్చో!

"మాస్టారూ, మా ఊరి వంతెన గురించి సభలో కాస్త మీరు అడగరూ?"

పార్లమెంటు క్యాంటీన్లో, ప్రతిపక్షానికి మిగిలిన ఒకే ఒక్క సభ్యుడి చెవిలో గొణిగాడు అధికారపక్షం సభ్యుడు. ఈ ఐదేళ్లలో అతను సభలో బల్ల చరిచాడు, క్యాంటీన్లో టీ తాగాడు. అంతకు మించి దేశాన్ని ఇబ్బంది పెట్టలేదు.

"ప్రభుత్వం మీది, ఊరు మీది. మీరే అడగొచ్చుగా నాయనా?"

"నేనడిగితే తిరుగుబాటంటారు మాస్టారూ. మీరడిగితే ప్రజాస్వామ్యం అంటారు. ఇవాళే ఈ సభకి ఆఖరి రోజు. రేపు ఏ మొహం పెట్టుకుని ఊళ్ళోకి వెళ్ళను?"

"మరి నేనడుగుతుంటే మీరేం చేస్తారు?"

"అందరికంటే గట్టిగా 'కూర్చో' అని అరుస్తా. ఏమీ అనుకోకండేం."

మధ్యాహ్నం మాస్టారు లేచారు. "అధ్యక్షా, ఆ వంతెనకి రెండు చెక్కలు ఊడిపోయాయి. బడిపిల్లలు..."

"కూర్చోవయ్యా, కూర్చో!" అన్న మాట ప్రకారం అతను గొంతు చించుకున్నాడు. "తెలిస్తే మాట్లాడు, లేకపోతే ఊరుకో! రెండా? ఏడు ఊడిపోయాయి! పిల్లల్ని మా ఆవిడే చెయ్యి పట్టుకుని దాటించేది! మొన్న తనే జారిపడి కాలు విరగ్గొట్టుకుంది!"

ఇంతసేపూ మాట్లాడింది తనేనని అతనికి అప్పుడు తెలిసింది. సొంత పార్టీవాళ్ళు ఒక్కొక్కరే అతని వైపు తిరుగుతున్నారు.

"గౌరవ సభ్యులకి నాకంటే బాగా తెలుసు అధ్యక్షా" అని మాస్టారు బుద్ధిగా కూర్చున్నారు. కూర్చుని, ఒక్కరే బల్ల చరిచారు.