మిగిలిన గుండీలు

అన్నయ్య మనవరాలు కాలేజీలో చదివిన పాఠం నాకు చెబుతూ, డబ్బా మూతలో నల్ల గుండీలు పోసి ఊపింది. ఒకదానికొకటి తగిలిన జతనల్లా తీసేసింది.

“సృష్టి మొదట్లో అంతా ఇరుకు, చిన్నతాతయ్యా. కంటికి కనబడని కృష్ణపదార్థం, అదే డార్క్ మ్యాటర్ ఉందే, దాని కణాలు రెండు ఎదురుపడితే రెండూ మాయం. విశ్వం పెద్దదయ్యేకొద్దీ అవి ఒకదానికొకటి దొరకలేదు. అలా మిగిలిందే ఇప్పుడున్నదని ఒక ఊహ.”

మిగిలిన గుండీలను నా కుట్టుబల్ల మీద దూరదూరంగా పరిచింది.

“అంటే, రాజీపడి మిగల్లేదన్నమాట,” అన్నాను.

“రాజీనా? అసలు కలిస్తేగా!”

అన్నయ్యా నేనూ ఒకే గదిలో బట్టలు కుట్టినన్నాళ్లూ ఒక్క కత్తెర కోసం రోజూ కొట్టుకునేవాళ్లం. తర్వాత నేను ఆ కత్తెరతో సహా వెళ్లి వీధి చివర వేరే గది తీసుకున్నాను. ఇరవై ఏళ్లుగా మా మధ్య మాటా మాటా రాలేదని అందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

ఈ మధ్య అన్నయ్యకు మతిమరుపు జబ్బొచ్చింది. మనుషుల్ని పోల్చుకోవడం లేదు. నన్ను గుర్తుపట్టి ఒక్క తిట్టు తిడితే చాలనుకుని, ఆ పాత కత్తెర పట్టుకుని వెళ్లాను.

“ఇది నాది. నీకివ్వను,” అన్నాను గట్టిగా.

ఒకప్పుడైతే “ఒరేయ్ పొట్టి వెధవా!” అంటూ మీదికొచ్చేవాడు.

అన్నయ్య లేచి, తన కుర్చీ నా వైపు జరిపాడు.

“మీదేనండి. మీరే ఉంచుకోండి.”